గుమ్మం దగ్గరి గురువు

స్పెయిన్ దేశంలోని సెగోవియా పట్టణంలో ఉన్ని బట్టల వ్యాపారి అల్ఫోన్సస్ రోడ్రిగ్స్. భార్యాబిడ్డలు ఒకరి వెనుక ఒకరు కన్నుమూశారు. వ్యాపారం దెబ్బతింది. చదువు అంతంతమాత్రం. అయినా యేసుసభవారు ఆయనను బ్రదరుగా చేర్చుకొని, 1571లో మయోర్కా దీవిలోని తమ కళాశాలకు పంపారు. అక్కడ ఏళ్ల తరబడి ఆయన పని తలుపు తీయడమే.

గంట మోగితే లేవాలి. వచ్చినవారిని పలకరించాలి, కబురు అందించాలి, బీదలకు భిక్ష పెట్టాలి. గుమ్మం బయట ప్రభువే నిలబడి ఉన్నారని తలచి ఆయన ప్రతిసారీ వెళ్లేవారు. రోజూ చేసిన ఆ చిన్న పనే క్రమంగా ఆయన స్వభావమైంది.

1605లో పీటర్ క్లావర్ అనే యువకుడు అక్కడికి చదువుకు వచ్చారు. పెద్ద పండితులున్న ఆ కళాశాలలో ఆయన దారి అడిగింది ఈ ముసలి బ్రదరునే. అమెరికా ఖండానికి వెళ్లమని ప్రోత్సహించింది కూడా ఈయనే. క్లావర్ 1610లో కార్తహేనా చేరారు. ఆ రేవులో ఓడలు దిగే ఆఫ్రికా బానిసలకు అన్నపానీయాలు, మందులు, జ్ఞానస్నానం అందిస్తూ జీవితం ధారపోశారు.

అల్ఫోన్సస్ 1617లో ఆ దీవిలోనే మరణించారు. 1888లో జగద్గురువులు 13వ లియోగారు ఆ ఇద్దరినీ ఒకే రోజున పునీతులుగా ప్రకటించారు.

ప్రియ పాఠకులారా, మన తలుపు కూడా రోజూ ఎవరో ఒకరు తడతారు. మనం ఏ ముఖంతో తీస్తామో మన పిల్లలు చూస్తూనే ఉంటారు.