ఓడ దిగిన తర్వాత: వైస్ అడ్మిరల్ కటారి జీవితం

స్వతంత్ర భారత ఆర్మీకి మొదటి భారతీయ అధిపతి ఎవరంటే మనలో చాలామంది ఠక్కున చెప్తాం, కరియప్ప అని. 1949 జనవరి 15న ఆయన బాధ్యత తీసుకున్నారు కాబట్టే ఆ రోజు ఆర్మీ డే. ఎయిర్‌ఫోర్స్ అంటే కొంచెం ఆలోచించి సుబ్రతో ముఖర్జీ అంటాం, 1954. మరి నేవీకి? ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఆయన పేరు రామ్‌దాస్ కటారి. చదువుకున్నది ఎక్కడో కాదు, మన సికింద్రాబాద్, హైదరాబాద్‌లలోనే.

నేను నస్పూర్ పిల్లని. మా ఊళ్లో నీళ్లంటే గోదావరి, ఉద్యోగమంటే బొగ్గుబాయి. సముద్రం మాకు టీవీలో కనిపించేది. అందుకే, సముద్రం లేని ఊళ్లో పెరిగిన అబ్బాయి దేశ నౌకాదళానికి అధిపతి అయ్యాడని తెలిసినప్పుడు, అసలు ఎలా వెళ్లాడు అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ దారి తిన్నగా లేదు. ఈ కథలో నాకు నచ్చింది కూడా అదే.

కటారి 1911 అక్టోబర్ 8న చెంగల్పట్టులో పుట్టారు. చదువు సికింద్రాబాద్‌లోని మహబూబ్ కాలేజీ, హైదరాబాద్‌లోని నిజాం కాలేజీల్లో సాగింది. మహబూబ్ కాలేజీ అంటే 1893లో వివేకానందుడు అమెరికా వెళ్లే ముందు ప్రసంగించిన చోటు.

అప్పట్లో మన సముద్రాల మీద తిరిగే ఓడల్లో కింది పనులు చేసేది మనవాళ్లు, ఆఫీసర్లు మాత్రం దాదాపు అందరూ ఇంగ్లీషువాళ్లు. భారతీయులను కూడా ఓడ ఆఫీసర్లుగా తయారు చేయాలన్న డిమాండ్ పెరిగి, 1927లో బొంబాయి రేవులో డఫరిన్ అనే పాత ఓడను శిక్షణ నౌకగా మార్చారు. దాని మొదటి బ్యాచ్‌లోనే కటారి చేరారు. అప్పటికి వయసు పదహారు. మొదటి బ్యాచ్ అంటే మనకు తెలిసిందే కదా, సీనియర్లు ఉండరు, ముందు ఏమవుతుందో చెప్పేవాళ్లు ఉండరు. పైగా ఆ శిక్షణ యుద్ధ నౌకల కోసం కాదు, సరుకు రవాణా ఓడల కోసం.

అక్కడి నుంచి ఆయన వెళ్లింది సముద్రానికి కూడా కాదు, నదికి. కలకత్తా ఓడరేవు సముద్రపు ఒడ్డున ఉండదు. పెద్ద పెద్ద ఓడలు హుగ్లీ నది లోపలికి ఎంతో దూరం వస్తేనే రేవు. ఆ నది అడుగున ఇసుక మేటలు ఒక్కచోట ఉండవు, జరుగుతూనే ఉంటాయి. నిన్న ఓడ పోయిన దారిలో రేపు ఓడ ఇరుక్కోవచ్చు. అందుకే ఎప్పటికప్పుడు లోతు కొలిచి, మ్యాపుల్లో దిద్ది, ఓడలకు దారి చూపాలి. ఆ హుగ్లీ సర్వేలో కటారి పనిచేశారు. గోదావరి ఒడ్డున పెరిగినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. వాన పోయాక ఇసుక దిబ్బ ఎక్కడ తేలుతుందో ఎవరూ చెప్పలేరు. పేరు రాని పని, కానీ ఎవరో ఒకరు రోజూ చేయకపోతే రేవు మూతపడే పని.

1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. కటారి నౌకాదళంలో చేరింది అప్పుడే, అదీ రెగ్యులర్ ఆఫీసర్‌గా కాదు, వాలంటీర్ రిజర్వ్‌లో. మన భాషలో చెప్పాలంటే ల్యాటరల్ ఎంట్రీ. రెగ్యులర్ ఆఫీసర్ల చొక్కా చేతి మీద చారలు తిన్నగా ఉంటే, వాలంటీర్లవి అలల్లా వంకరగా ఉండేవి. చూడగానే తెలిసిపోతుంది, ఈయన బయటి నుంచి వచ్చాడని. యుద్ధం అయ్యాక చాలామంది వాలంటీర్లు వెళ్లిపోయారు. కటారి ఉండిపోయారు.

1947లో స్వాతంత్ర్యం వచ్చింది కానీ నేవీ పై కుర్చీ మనకు రాలేదు. నౌకాదళ అధికారి పైదాకా రావాలంటే ఇరవై ముప్పై ఏళ్ల అనుభవం కావాలి. భారతీయులను ఆఫీసర్లుగా తీసుకోవడమే ఆలస్యంగా మొదలైంది కాబట్టి అంత సీనియర్లు మన దగ్గర లేరు. హాల్, ప్యారీ, పైజీ, కార్లిల్, ఇలా వరసగా నలుగురు బ్రిటిష్ అధికారులు స్వతంత్ర భారత నౌకాదళాన్ని నడిపారు. ఈలోగా కటారి ఒక్కో మెట్టూ ఎక్కుతున్నారు. 1956లో భారత నౌకాదళ ఫ్లీట్‌కు కమాండ్ చేసిన తొలి భారతీయుడయ్యారు. 1958 ఏప్రిల్ 22న కార్లిల్ నుంచి బాధ్యత తీసుకుని నేవీ చీఫ్ అయ్యారు. అప్పటికి ఆయన వయసు 46. యుద్ధం మొదలైనప్పుడు వాలంటీర్‌గా చేరిన మనిషి చీఫ్ కావడానికి పట్టింది దాదాపు 19 ఏళ్లు. అంటే ఇప్పుడు నా వయసంత కాలం.

ఆయన హయాంలోనే మన మొదటి విమాన వాహక నౌక విక్రాంత్ వచ్చింది. అది బ్రిటన్ యుద్ధకాలంలో మొదలుపెట్టి సగంలో వదిలేసిన ఓడ. మనం 1957లో కొని, బెల్ఫాస్ట్‌లో పూర్తి చేయించుకున్నాం. 1961 మార్చి 4న అది నౌకాదళంలో చేరింది, నవంబర్‌లో బొంబాయి చేరింది. తర్వాతి నెలలోనే గోవా విముక్తి సైనిక చర్య. అందులో నేవీ వంతు అంజదీవ్ అనే చిన్న దీవిని స్వాధీనం చేసుకోవడం, రేవులో ఉన్న పోర్చుగీసు యుద్ధనౌకను ఆపడం. రెండూ జరిగాయి. కానీ అంజదీవ్‌లో ఏడుగురు నావికులు చనిపోయారు. గెలుపు చిన్న మాటే కావచ్చు, ఆ ఏడు ఇళ్లకు మాత్రం కాదు.

1962 జూన్‌లో కటారి పదవీ విరమణ చేశారు. వయసు యాభై.

ఇక్కడే నేను ఎక్కువసేపు ఆగాను. మా నాన్న సింగరేణిలో, శ్రీరాంపూర్ ఏరియాలో పనిచేస్తడు. ఇంకో రెండేళ్లలో రిటైర్మెంట్. మా కాలనీలో రిటైరైన వాళ్లను చూస్తుంటాను. ముప్పై ఏళ్లు షిఫ్టు టైముకి లేచిన మనిషికి, ఒక్కసారిగా ఎక్కడికీ పోనక్కర్లేని పొద్దు వస్తే ఎట్లుంటదో. కొందరు కుంగిపోతారు. కొందరు పక్కింటివాళ్ల పెన్షన్ కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ముందుకన్నా బిజీ అవుతారు. దేశానికి నేవీ చీఫ్ అయినా ప్రశ్న అదే. ఓడ దిగాక ఏంటి?

కటారి చేసిన పనుల్లో ఒకటి బర్మాలో భారత రాయబారి ఉద్యోగం, 1964 నుంచి 1969 వరకు. వినడానికి హాయిగా ఉంటుంది, కానీ ఆ కాలం అలాంటిది కాదు. 1962లో అక్కడ నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. తర్వాత బ్యాంకులు, దుకాణాలు జాతీయం చేశారు. 1964లో యాభై, వంద క్యాట్ నోట్లు చెల్లవన్నారు. తరాలుగా అక్కడ బతుకుతున్న భారతీయులు లక్షల్లో దాదాపు వట్టి చేతులతో ఓడలెక్కారు. వాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి రంగూన్ రేవుకు, బియ్యం మిల్లులకు కూలికి పోయినవాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు అట్లా వచ్చిందే. ఆ ఏళ్లలో రంగూన్‌లోని మన రాయబార కార్యాలయం ముందున్న పెద్ద పని ఈ మనుషులే. ఓడల గురించి అంతా తెలిసిన మనిషికి, ఓడలో ఇల్లు మొత్తం వదిలేసి వచ్చేవాళ్ల కష్టం ఎదురైంది.

ఇంకో పని వింటే మీరు నవ్వుతారు. ఆయన మన ఆర్టీసీకి చైర్మన్. అవును, ఎర్ర బస్సుల ఆర్టీసీయే. 1932లో నిజాం కాలంలో 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో మొదలైన సంస్థ 1958 జనవరిలో ఏపీఎస్‌ఆర్టీసీ అయింది. అంటే ఆయన నేవీ చీఫ్ అయిన సంవత్సరమే. విమాన వాహక నౌక చూసిన మనిషి బస్సుల సంస్థకు రావడం దిగిపోవడమేనా? నాకట్ల అనిపించలేదు. ఓడకైనా బస్సుకైనా టైముకి బయల్దేరాలి, స్పేర్ పార్టు దొరకాలి, డ్రైవర్‌కు నిద్ర ఉండాలి, ఎక్కినవాళ్లు క్షేమంగా దిగాలి. హుగ్లీలో లోతు కొలిచిన పని కూడా ఇదే కదా, ఇంకొకరి ప్రయాణం ఆగకుండా చూడటం. ఈ మాట చెప్తే మా నాన్న కాసేపు ఆలోచించి, అంత పెద్ద సారు బస్సుల పనికి ఒప్పుకున్నడా అన్నడు. ఆ తర్వాత రెండేళ్ల సంగతి మొదటిసారి తనే ఎత్తిండు.

చివరి రోజుల్లో కటారి తన జ్ఞాపకాలను ఇంగ్లీషులో పుస్తకంగా రాశారు, పేరు ఎ సైలర్ రిమెంబర్స్. అది 1982లో వచ్చింది. 1983 జనవరి 21న సికింద్రాబాద్‌లో కన్నుమూశారు. రాష్ట్రమంతా అప్పుడే వచ్చిన ఎన్టీఆర్ ప్రభుత్వం గురించి మాట్లాడుకుంటున్న రోజులవి. వయసు 71.

మంచిర్యాల, కరీంనగర్ వైపు నుంచి వెళ్లే మన బస్సులు జేబీఎస్‌లో ఆగుతాయి. ఆయన చదువుకున్న మహబూబ్ కాలేజీ కూడా ఆ సికింద్రాబాద్‌లోనే ఉంది. ఈసారి సెలవులకు వెళ్లేటప్పుడు గంట టైముంటే చూసి రండి. డఫరిన్‌కు వెళ్లిన పదహారేళ్ల అబ్బాయి చదువుకున్నది అక్కడే.