దోమ కడుపులో నల్ల రేణువులు.. సికింద్రాబాద్‌లో మలేరియా గుట్టు పట్టిన రోనాల్డ్ రాస్

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అమ్మలూ.. చలిజ్వరం వచ్చిన బిడ్డ కింది రెప్ప లాగి చూడండి. లోపల తెల్లగా పాలిపోయిందా? మలేరియా రక్తాన్ని తినేస్తుండొచ్చు. ఈ జబ్బు గుట్టు దొరికింది మనకు దగ్గర్లోని సికింద్రాబాద్‌లోనే. పట్టింది సర్ రోనాల్డ్ రాస్.

1857లో అల్మోరాలో పుట్టిన రాస్‌కు కవిత్వం, లెక్కలంటేనే మోజు. తండ్రి పట్టుబట్టడంతో డాక్టర్ అయ్యారు. సైన్యం వైద్యుడిగా వచ్చి, బేగంపేటలో దోమలు కోస్తూ కూర్చున్నారు. ఎంత ఉక్కపోసినా పంకా వేసుకోలేదు, దోమలు ఎగిరిపోతాయని! చెమటకు మైక్రోస్కోప్ స్క్రూలు తుప్పు పట్టాయి. హుస్సేన్ ఖాన్ అనే రోగి దోమలతో కుట్టించుకున్నాడు. కాటుకు ఒక అణా. పేరు మాత్రం రాస్‌కే వచ్చింది లెండి.

1897 ఆగస్టు 20న అనాఫిలిస్ దోమ కడుపు గోడలో నల్ల రేణువులున్న కణాలు కనిపించాయి. ఆ నలుపేంటో తెలుసా? మన హిమోగ్లోబిన్ తిన్న మలేరియా క్రిమి వదిలిన చెత్త. బిడ్డ పాలిపోయేది కూడా ఈ తిండి వల్లే. పైగా క్రిమి సోకని ఎర్ర కణాలూ నాశనమవుతాయి, కొత్తవి సరిగ్గా తయారుకావు. 12 ఏళ్లలోపు పిల్లల్లో హిమోగ్లోబిన్ 5 గ్రాముల కంటే తగ్గితే ప్రాణాపాయమే. రక్తం ఎక్కించాల్సి రావచ్చు.

మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియాపై పని చేసి, దోమకాటుతోనే జబ్బు పాకుతుందని రాస్ తేల్చారు. 1902లో నోబెల్ వచ్చింది. 1932లో లండన్‌లో చనిపోయేదాకా నిల్వ నీళ్లు తీసేయమనే పోరారు. సాగర్ కాలువ కింద ఊళ్లకు ఆ మాట ఇప్పటికీ పనికొస్తుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో మలేరియా రక్తపరీక్ష ఉచితమే.