కాగితం వెనుక వాన కబురు

ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతంలో ఈస్ట్ బర్గోల్ట్ అనే పల్లె ఉంది. చిత్రకారుడు జాన్ కాన్‌స్టేబుల్ 1776లో అక్కడే పుట్టారు. కాన్‌స్టేబుల్ ఆయన ఇంటిపేరు, ఉద్యోగం కాదు. తండ్రి ధాన్యం వర్తకుడు. వారికి నీటితో నడిచే పిండిమరలు, ఒక గాలిమర ఉండేవి. కుర్రతనంలో జాన్ ఏడాదిపాటు మరలో పనిచేశారు. గాలిమర నడిపేవాడు ఆకాశాన్ని కనిపెట్టుకుని ఉండాలి. ఆ అలవాటు ఆయనను చివరిదాకా వదల్లేదు.

1799లో లండన్ రాయల్ అకాడమీలో చేరినా, పేరు తొందరగా రాలేదు. గడ్డిబండి ఏరు దాటే చిత్రానికి 1824లో పారిస్‌లో బంగారు పతకం వచ్చింది. స్వదేశంలో అకాడమీ పూర్తి సభ్యత్వం 1829లో గానీ దక్కలేదు. అప్పటికి భార్య మరియా క్షయతో కన్నుమూసింది.

1821, 1822లలో ఆయన హాంప్‌స్టెడ్ గుట్ట మీద మబ్బులను చిత్రించారు. రంగుల పెట్టె మూతకు కాగితం గుచ్చి, నూనె రంగులతో గబగబా వేసేవారు. కాగితం వెనుక తేదీ, వేళ, గాలి తీరు రాసుకునేవారు. 1821 సెప్టెంబరు 11న ఉదయం 10, 11 గంటల మధ్య వేసిన బొమ్మకు, పగలంతా బాగుండి రాత్రి వాన పడిందని కూడా చేర్చారు.

1837లో ఆయన పోయారు. నూనె రంగు పట్టిన కాగితం కాలక్రమేణా పెళుసెక్కి అంచులు చిరుగుతుంది. అందుకే చాలా కాగితాలను తర్వాతివారు కాన్వాసు గుడ్డకో, అట్టకో అంటించారు. గుడ్డ మీద ఉంటే చట్రం కట్టి గోడకు తగిలించడానికీ, అమ్మడానికీ వీలు. బొమ్మ నిలిచింది, కానీ వెనుక రాత జిగురులో కప్పడిపోయింది. కొన్నింటికి మాత్రం ఆ రాతను నకలు తీసిన చీటీ వెనుక అంటించారు.

ఈ బొమ్మలను పరిశీలించే నిపుణులు వాటిపై పక్కనుంచి వెలుగు పడేలా చూస్తారు. అదిమి అంటించినప్పుడు రంగు అణిగిందా, గుడ్డ నేత అచ్చు పడిందా అన్నది అప్పుడు తెలుస్తుంది. మూలల్లో గుండుసూది రంధ్రాలుంటే అది ఆరుబయట వేసిన కాగితమని ఆనవాలు.

దక్కిన రాతల విలువ తర్వాత బయటపడింది. వాతావరణ శాస్త్రజ్ఞులు ఆ తేదీలను నాటి వాతావరణ రికార్డులతో పోల్చి చూస్తే చాలావరకు సరిపోయాయి.

కూతురు ఇసబెల్ 1888లో తండ్రి చిత్రాలను వందల సంఖ్యలో లండన్ మ్యూజియానికి ఇచ్చింది. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంగా పేరు మారిన ఆ సంస్థలో అవి నేటికీ ఉన్నాయి.