దర్జీ కొడుకు, జీపు మీద ఫిరంగి: హవల్దార్ అబ్దుల్ హమీద్

ఉత్తరప్రదేశ్‌లోని ఘాజీపూర్ జిల్లా, ధాముపూర్ గ్రామం. అక్కడ మొహమ్మద్ ఉస్మాన్ అనే దర్జీ ఇంట్లో 1933 జులై 1న అబ్దుల్ హమీద్ పుట్టారు. అమ్మ సకీనా బేగం. ఇల్లు గడవాలంటే కుట్టు పనే దిక్కు. హమీద్ కూడా అబ్బా పక్కన కూర్చుని బట్టలు కుట్టేవారు. కానీ మనసంతా కుస్తీ మీద, కర్రసాము మీదే. 1954 డిసెంబర్‌లో వారణాసి వెళ్లి ఫౌజులో చేరిపోయారు. గ్రెనేడియర్స్ రెజిమెంట్, నాలుగో బెటాలియన్.

1962 చైనా యుద్ధంలో ఆ బెటాలియన్ నామ్కా చూ వైపు ఉంది. సరైన చలి బట్టల్లేవు, చాలినంత మందుగుండు లేదు. వెనక్కి రావాల్సి వచ్చింది. ఓడి తిరిగొచ్చిన సిపాయి బాధ ఎలా ఉంటుందో హమీద్ అప్పుడే చూశారు.

అప్పటికే నికాహ్ అయింది. భార్య రసూలన్ బీబీ. నలుగురు కొడుకులు, ఒక కూతురు. 1965లో సెలవు మీద ఇంటికొచ్చి పిల్లలతో ఉండగా వెంటనే రమ్మని కబురొచ్చింది. బయల్దేరుతుంటే పక్కచుట్ట తాడు తెగిందట, దారిలో సైకిల్ మొరాయించిందట. శకునం బాగాలేదు, ఈ ఒక్క రోజు ఆగండని రసూలన్ బీబీ బతిమాలారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన ఆగలేదు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. అప్పటికి హమీద్ కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్. అంటే రేషన్, బట్టలు, సామాన్లు చూసుకునే బాధ్యత. కానీ అంతకుముందు ఐదేళ్లు ట్యాంకుల్ని కొట్టే ఫిరంగి మీద పనిచేసిన అనుభవం ఉంది. బెటాలియన్‌లో ఆ పనికి మనిషి తక్కువైతే ఆయనకే అప్పగించారు.

ఆ ఫిరంగి 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ గన్. జీపు మీద బిగిస్తారు. పేలగానే వెనక నుంచి పెద్ద మంట, దుమ్ము లేస్తాయి. ఎక్కడి నుంచి కొట్టారో శత్రువుకి ఇట్టే తెలిసిపోతుంది. కొట్టిన వెంటనే చోటు మార్చకపోతే ప్రాణం పోయినట్టే. జీపుకి కవచమా, పాడా! ఎదురుగా వచ్చేవేమో అమెరికా తయారీ ప్యాటన్ ట్యాంకులు.

పంజాబ్‌లో ఖేమ్‌కరణ్ దగ్గర చీమా గ్రామం. సెప్టెంబర్ 8న హమీద్ జీపుని చెరకు తోటలో దాచి, ట్యాంకు బాగా దగ్గరకొచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఒక్క దెబ్బకి అది తగలబడింది. వెనక వచ్చే ట్యాంకుల్లోని వాళ్లు దిగి పారిపోయారు. 10వ తేదీ ఉదయం మళ్లీ పెద్ద దాడి. ముందున్న ట్యాంకుని కొట్టి, చోటు మార్చి ఇంకోదాన్ని తగలబెట్టారు. ఈలోగా జీపు వాళ్ల కంట పడింది. గుళ్ల వాన కురుస్తున్నా మరో ట్యాంకు మీదికి గురిపెట్టారు. అప్పుడే ఒక గుండు వచ్చి పడింది. వయసు 32. ఆ రెండు మూడు రోజుల్లో ఆయన కూల్చినవి ఏడని కొందరు, ఎనిమిదని ఇంకొందరు లెక్క చెప్తారు. ఒక్కటే అయినా తక్కువేం కాదు.

అసల్ ఉత్తర్ పోరులో పాకిస్తాన్ దాదాపు వంద ట్యాంకులు పోగొట్టుకుంది. హమీద్‌ని అక్కడే ఖననం చేశారు. 1966 జనవరి 26న రాష్ట్రపతి రాధాకృష్ణన్ చేతుల మీదుగా పరమవీర చక్ర అందుకున్నది రసూలన్ బీబీ.

పతకం వచ్చింది, పేరొచ్చింది. 2000లో తపాలా బిళ్ల కూడా వచ్చింది. కానీ ఐదుగురు పిల్లల్ని పెంచాల్సింది మాత్రం ఆవిడే. భర్త పేరు ఊళ్లో నిలబడాలని ఆమె ఏళ్ల తరబడి పెద్ద పెద్ద వాళ్ల దగ్గరికి తిరిగారు. 2008లో రాష్ట్రపతి ప్రతిభా పాటిల్‌ని కలిసి, ఇంటిని స్మారకంగా మార్చమని, ఊళ్లో ఫౌజు భర్తీ కేంద్రం పెట్టమని అడిగారు. 2017 సెప్టెంబర్ 10న అప్పటి సైన్యాధిపతి బిపిన్ రావత్ ధాముపూర్ వచ్చారు. వృద్ధురాలైన రసూలన్ బీబీ ఆ రోజు సభలో ఆయన పక్కన ఉన్నారు. 2019 ఆగస్టులో ఆమె కన్నుమూశారు.