జేమ్స్ బ్లండెల్

జేమ్స్ బ్లండెల్ (డిసెంబర్ 27, 1790 - జనవరి 15, 1878) ఇంగ్లండుకు చెందిన ప్రసూతి వైద్యుడు, శరీరధర్మ శాస్త్రవేత్త. కాన్పులో అధిక రక్తస్రావము వలన మరణించే స్త్రీలను కాపాడే మార్గాన్ని అన్వేషిస్తూ, మనిషి రక్తాన్ని మనిషికి ఎక్కించే పద్ధతిని శాస్త్రీయంగా పరీక్షించి ఆచరణలోకి తెచ్చినవాడిగా ఈయన ప్రసిద్ధుడు.

విద్యాభ్యాసము

బ్లండెల్ లండనులో జన్మించాడు. మేనమామ జాన్ హైటన్ ప్రసూతి శాస్త్రంలోను, శరీరధర్మ శాస్త్రంలోను పేరుపొందిన అధ్యాపకుడు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో 1813లో వైద్యపట్టా పొందిన బ్లండెల్, మరుసటి సంవత్సరం లండనుకు తిరిగివచ్చి మేనమామకు తోడుగా బోధన ప్రారంభించాడు. అనంతరం గైస్ ఆసుపత్రిలో ఆయన స్థానాన్ని స్వీకరించాడు.

ప్రయోగములకు ప్రేరణ

రక్తస్రావముతో ప్రాణాపాయ స్థితిలో ఉన్న ఒక స్త్రీని చూడడానికి బ్లండెల్‌ను పిలిపించారు. ఆయన వెళ్ళేసరికి రక్తం పోవడం దాదాపు ఆగింది. అయినా ఆమె రెండు గంటలలోపే మరణించింది. స్రావము ఆగినా మనిషి దక్కకపోవడం ఆయనను ఆలోచింపజేసింది. పోయిన రక్తాన్ని తిరిగి ఇవ్వగలిగితే ఆమె బ్రతికేది కదా అన్నదే ఆయన పరిశోధనకు మూలం.

బిడ్డ పుట్టి మాయ పడిన పిదప గర్భకోశం గట్టిగా ముడుచుకోవాలి. అలా జరగకపోతే మాయ అంటుకొని ఉన్న చోట తెరచుకొన్న నాళాల నుండి రక్తం ధారగా పోతుంది. నిండు నెలల్లో గర్భకోశానికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం ప్రవహిస్తుంది కనుక వ్యవధి చాలా తక్కువ. ఆనాటి వైద్యులకు చన్నీటి గుడ్డలు, చేతితో అదుమడం, బ్రాందీ తాగించడం వంటి కొద్దిపాటి ఉపాయాలే ఉండేవి.

రక్తమార్పిడి

ఈ ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. 1667లో ఫ్రాన్సులో డెనిస్ అనే వైద్యుడు గొర్రెపిల్ల రక్తాన్ని మనుషులకు ఎక్కించాడు. ఒక రోగి మరణించడంతో వివాదం చెలరేగి ఆ పద్ధతి మూలబడింది. ఎడిన్‌బరోలో జాన్ లీకాక్ జంతువులపై చేసిన ప్రయోగాలు బ్లండెల్‌కు దారి చూపాయి. ఆయన కుక్కల శరీరం నుండి రక్తం తీసి, అవి చావుకు దగ్గరైన తరువాత మరొక కుక్క రక్తాన్ని సిరంజితో ఎక్కించి బ్రతికించాడు. మనిషి రక్తం ఎక్కించిన కుక్కలలో ఎక్కువ భాగం చనిపోయాయి. కనుక మనిషికి మనిషి రక్తమే ఇవ్వాలని నిర్ణయించాడు. సిరంజిలోని గాలిని ముందుగా తీసివేయాలనీ, రక్తం గడ్డకట్టేలోపే పని ముగించాలనీ గ్రహించాడు.

1818లో బ్లండెల్ ఒక బాలింతకు భర్త రక్తమిచ్చి కాపాడాడని పలుచోట్ల వ్రాస్తుంటారు. నిజానికి ఆ సంవత్సరం ఆయన రక్తం ఎక్కించినది జీర్ణకోశ క్యాన్సర్‌తో కృశించిన ఒక పురుషునికి. కొంత తేరుకున్నా, రెండు రోజుల తరువాత ఆ రోగి మరణించాడు. తరువాతి దశాబ్దంలో బాలింతలకు ఈ చికిత్స జరిగింది. 1829లో లాన్సెట్ పత్రికలో ఒక విజయవంతమైన చికిత్స వివరాలు వెలువడ్డాయి. ఎనిమిది ఔన్సుల రక్తంతో ఆ బాలింత కోలుకుంది. మొత్తం మీద పదిమందికి చేయగా సుమారు సగం మంది బ్రతికారు. ఇతరత్రా ఆశ లేనివారికే ఆయన ఈ చికిత్స చేసేవాడు. కొందరికైతే అప్పటికే ప్రాణం పోయినట్లుండేది. ఆ దృష్టితో చూస్తే ఈ ఫలితం తక్కువది కాదు.

ఆయన రూపొందించిన పరికరాలలో గ్రావిటేటర్ ముఖ్యమైనది. దాత చేతి నుండి కారే రక్తం ఎత్తున అమర్చిన గిన్నెలో పడి, గొట్టం గుండా సొంత బరువుతోనే రోగి సిరలోకి దిగుతుంది.

రక్తవర్గాల గురించి అప్పటికి ఎవరికీ తెలియదు. లాండ్‌స్టైనర్ వాటిని 1901లో ప్రకటించాడు. రక్తం గడ్డకట్టకుండా సిట్రేటు కలపడం 1914లో మొదలైంది. ఆనాడు దాతగా భర్తనే ముందు పిలిచేవారు. భర్త రక్తం వలన స్త్రీ శరీరంలో తరువాతి గర్భానికి హాని చేసే ప్రతిరక్షకాలు ఏర్పడవచ్చని తెలిసినందున ఇప్పుడు సాధారణంగా దానిని నివారిస్తారు.

ఇతర విషయములు

ఇరుకు కటి గల స్త్రీలకు శస్త్రచికిత్స ద్వారా కాన్పు చేసినప్పుడు, మళ్ళీ గర్భం రాకుండా ఫెలోపియన్ నాళాలను ఖండించాలని ఈయన సూచించాడు. ప్రసూతి శాస్త్రంపై ఈయన ఉపన్యాసాలు 1834లో గ్రంథరూపంలో వచ్చాయి. అదే సంవత్సరం ఆసుపత్రి అధికారులతో ఏర్పడిన వివాదం వలన గైస్ ఆసుపత్రి పదవిని వదలుకున్నాడు. 1847లో వైద్యవృత్తి నుండి విరమించి, మిగిలిన జీవితాన్ని లండనులో గడిపాడు.