ఫిలిప్ పినెల్

ఫిలిప్ పినెల్ (1745 ఏప్రిల్ 20 - 1826 అక్టోబరు 25) ఫ్రాన్స్ దేశానికి చెందిన వైద్యుడు. ఆధునిక మానసిక వైద్యానికి పునాది వేసినవారిలో ప్రముఖుడు. మానసిక రోగులను మంచిమాటతో, క్రమమైన దినచర్యతో నయం చేయవచ్చునని నమ్మడమే కాక, ఆ పద్ధతి ఎంతమందికి ఉపకరించిందో లెక్కకట్టి చూశాడు. నేడు వ్యక్తిత్వ రుగ్మతలుగా పేర్కొనే స్థితులలో ఒకదానిని తొలుత వర్ణించినవారిలో ఆయన ఒకడు.

బాల్యము, విద్యాభ్యాసము

పినెల్ దక్షిణ ఫ్రాన్సులో ఒక శస్త్రవైద్యుని ఇంట జన్మించాడు. మొదట మతశాస్త్రం చదివి, తరువాత వైద్యం వైపు మళ్ళి, 1773లో తులూజ్‌లో పట్టా పొందాడు. 1778లో పారిస్ చేరినా అక్కడ ఆ పట్టా చెల్లలేదు. చాలాకాలం గణితం బోధిస్తూ, వైద్యగ్రంథాలు అనువదిస్తూ, ఒక వైద్య పత్రికకు సంపాదకత్వం వహిస్తూ జీవించాడు. మతి చలించిన ఒక మిత్రుని మరణం ఆయన దృష్టిని మానసిక రోగులవైపు మళ్ళించింది.

ఆసుపత్రులలో కృషి

1793లో పురుషులకు ఉద్దేశించిన బిసెత్ర్ ఆసుపత్రిలో, 1795లో స్త్రీలకు ఉద్దేశించిన సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో వైద్యుడుగా నియమితుడయ్యాడు. రోగుల సంకెళ్ళను పినెల్ స్వయంగా తెంచాడన్న కథ చిత్రకారుల వలన లోకప్రసిద్ధమైనది. నిజానికి బిసెత్ర్‌లో 1797లో గొలుసులు తీయించినవాడు అక్కడి పర్యవేక్షకుడు జీన్ బాప్టిస్ట్ పుస్సిన్. ఆయన ఒకప్పుడు అదే ఆసుపత్రిలో రోగిగా ఉండి కోలుకున్నవాడు. వైద్యపట్టా లేని పుస్సిన్ అనుభవాన్ని పినెల్ శ్రద్ధగా గ్రహించి, తరువాత ఆయనను సాల్పెత్రియేర్‌కు రప్పించుకున్నాడు. అయితే ఉద్రేకించిన రోగులను అదుపుచేసే బిగుతు అంగీ వాడుక మాత్రం కొనసాగింది.

రచనలు, పరిశీలనలు

మానసిక రోగాలపై పినెల్ గ్రంథం 1801లో వెలువడింది. భ్రమలు లేకుండా, బుద్ధి సరిగానే పనిచేస్తున్నా ఆవేశాన్ని అణచుకోలేని వ్యక్తులను అందులో వర్ణించి, ఆ స్థితిని భ్రాంతి లేని ఉన్మాదమని పేర్కొన్నాడు. తల్లి గారాబంలో పెరిగి, చివరకు కోపంలో ఒక స్త్రీని బావిలోకి తోసిన యువకుని ఉదంతం వీటిలో ప్రసిద్ధమైనది. అంతవరకు ఇట్టివారిని దుర్మార్గులుగానో, పూర్తి పిచ్చివారుగానో మాత్రమే చూసేవారు.

1802 నుండి 1805 వరకు సాల్పెత్రియేర్‌లో చేరిన వెయ్యిమందికి పైగా రోగుల వివరాలను పట్టికలుగా వ్రాయించి, వారిలో దాదాపు సగం మంది కోలుకున్నట్లు 1807లో ప్రకటించాడు. చికిత్స పొందనివారితో పోల్చి చూడకపోవడం ఈ లెక్కలోని లోపం. అయినా వైద్యుని నమ్మకం చాలదు, ఫలితాన్ని లెక్కించాలన్న సూత్రానికి ఇది మార్గదర్శకమైనది.

చివరి దశ

1822లో ప్రభుత్వం పారిస్ వైద్యకళాశాలను రద్దుచేసినప్పుడు పినెల్ ఆచార్య పదవిని కోల్పోయాడు. 1826లో పారిస్‌లో మరణించాడు. ఆయన కృషిని శిష్యుడు ఎస్కిరోల్ కొనసాగించాడు.

ప్రభావము

పినెల్ వర్ణించిన స్థితిని తరువాతి వైద్యులు వేరువేరు పేర్లతో విస్తరించారు. వ్యక్తిత్వ రుగ్మతలకు మానసిక చికిత్సలను, పోల్చదగిన రెండు వర్గాలతో పరీక్షించడం 20వ శతాబ్ది చివరలో బలపడింది. గొలుసుల సమస్య మాత్రం ఆయనతో ముగియలేదు. 2001లో తమిళనాడులోని ఎర్వాడిలో జరిగిన అగ్నిప్రమాదంలో గొలుసులతో కట్టివేయబడిన మానసిక రోగులు 28 మంది మరణించారు. మానసిక రోగులను గొలుసులతో బంధించడాన్ని భారతదేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.