సాల్మొనెల్లా పేరు వెనుక మనిషి

సాల్మొనెల్లా అనగానే సాల్మన్ చేపల వల్ల వచ్చే జబ్బేమో అనుకుంటారు చాలామంది. చేపలకూ ఆ పేరుకూ సంబంధం లేదు. అది ఒక పశువైద్యుడి పేరు నుంచి వచ్చింది. ఆయనే డేనియల్ ఎల్మర్ సాల్మన్.

ఆయన 1850లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. బంధువుల ఇంట పెరుగుతూ పొలం పని చేశారు, పల్లెటూరి దుకాణంలో గుమస్తాగా ఉన్నారు. 1868లో కార్నెల్ విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు తొలి విద్యార్థుల్లో ఒకరయ్యారు. 1876లో అక్కడ ఆయన అందుకున్న పశువైద్య డాక్టరు పట్టా అమెరికాలోనే మొదటిది.

1884లో అమెరికా ప్రభుత్వం పశువుల రోగాల కోసం ఒక శాఖ పెట్టి, దానికి సాల్మన్‌ను అధిపతిని చేసింది. పశువుల మందలను తుడిచిపెడుతున్న ఊపిరితిత్తుల అంటురోగాన్ని ఆ శాఖ 1892 నాటికి దేశంలో లేకుండా చేసింది. పందులను చంపుతున్న మరో రోగానికి కారణం వెతుకుతూ, 1885లో ఆయన సహాయకుడు థియోబాల్డ్ స్మిత్ ఒక సూక్ష్మజీవిని కనుగొన్నారు. 1900లో దానికి పేరు పెట్టినప్పుడు మాత్రం గౌరవం పై అధికారికి దక్కింది! స్మిత్‌కు అన్యాయం జరిగిందనే నాకు అనిపిస్తుంది. అయితే చంపిన సూక్ష్మజీవులను పావురాలకు ఎక్కించి, రోగం నుంచి రక్షణ వస్తుందని ఇద్దరూ కలిసి 1886లో చూపారు. టీకాల చరిత్రలో అది పెద్ద అడుగు.

తీరా చూస్తే పందుల రోగానికి అసలు కారణం ఒక వైరస్ అని తరువాత తేలింది. సాల్మొనెల్లా మాత్రం మన పెరట్లోనే ఉంది. ఎన్ని ఊళ్లకు బదిలీ అయినా, క్వార్టర్ల వెనుక నాలుగు కోళ్లు పెంచే ఇల్లు ఒకటి నాకు కనబడుతూనే ఉంటుంది. ఆ కోళ్లు చలాకీగా తిరుగుతున్నా, వాటి రెట్టలో ఈ సూక్ష్మజీవి ఉండవచ్చు. రెట్ట నుంచి ఈకలకు, గుడ్డు పెంకుకు, మన చేతికి, అక్కడి నుంచి నోటికి! అందుకే కోడిపిల్లను ముద్దు పెట్టుకోవద్దు. గూడు దగ్గర ఏమీ తినవద్దు. కోడినో గుడ్డునో ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోండి. గూటి దగ్గరకు వెళ్లే చెప్పులు ఇంట్లోకి తేవద్దు, కోళ్ల నీళ్ల గిన్నెను వంటింటి సింకులో కడగవద్దు. గుడ్లు రోజూ ఏరండి, పగిలినవి పారేయండి, పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించండి. ఐదేళ్లలోపు తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ కోళ్లను పట్టుకోనివ్వకండి, జబ్బు వారికే తీవ్రంగా వస్తుంది. ఎవరికైనా జ్వరం, విరేచనాలు, కడుపునొప్పి వస్తే, ఇంట్లో కోళ్లున్నాయని డాక్టరుకు చెప్పండి.

కోళ్ల రోగాల మీద సాల్మన్ 1899లో ఒక పుస్తకమే రాశారు. మనలాగే ఆయనా ఒక చోట ఉండలేదు. 1905లో వాషింగ్టన్ ఉద్యోగం వదిలి, మరుసటి ఏడు దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే వెళ్లి అక్కడ పశువైద్య విభాగాన్ని నడిపారు. తిరిగి వచ్చాక 1914లో మోంటానా రాష్ట్రంలోని బ్యూట్ పట్టణంలో న్యుమోనియాతో కన్నుమూశారు.